పాత కారు మీటర్ బోర్డులో కరెంటు లోపాలు: వెతికి పట్టుకునే పద్ధతి

పెట్రోలు నిండుగా పోయించినా ముల్లు సగం దగ్గరే ఆగిపోవడం, కుడి ఇండికేటరు వేయగానే మీటరు దీపాలు కూడా దాంతో పాటే మినుకుమినుకుమనడం, హెడ్‌లైటు వేసిన మరుక్షణం టెంపరేచరు ముల్లు ఉన్నట్టుండి పైకి లేవడం, పాత అంబాసిడర్‌నో ప్రీమియర్ పద్మినినో కార్బురేటర్ ఉన్న మారుతి 800నో నడిపేవారికి కొత్త విషయాలు కావు. చూడడానికి ఇవి మూడు వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి. చాలాసార్లు మూడింటికీ మూలం ఒక్కటే అయి ఉంటుంది, అది కూడా డాష్‌బోర్డులో కాకుండా మరెక్కడో బాడీకి బిగించిన ఒక స్క్రూ కింద చిలుము రూపంలో దాక్కుని ఉంటుంది.

మా ఇంట్లో 1993 నాటి మారుతి 800 ఉండేది. దాని పెట్రోలు ముల్లు పనిచేయడం మానేసినప్పుడు ఓ మెకానిక్ మీటరు పాడైందని చెప్పి సెకండ్‌హ్యాండ్ మీటరు వేశాడు. నెల తిరక్కుండానే అదీ అలాగే ఆగింది. ఇంకొకటి వేయించాము. చివరికి ఒక ఆదివారం ఉదయం మల్టీమీటరు పట్టుకుని వెనక నుంచి ముందుకు ఒక్కో అతుకూ చూసుకుంటూ వస్తే, పెట్రోలు ట్యాంకు దగ్గరి ఎర్త్ వైరు (కరెంటును బాడీ గుండా బ్యాటరీకి తిరిగి పంపే వైరు) బాడీకి తగిలే చోట పచ్చగా చిలుము పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది బిగించడానికి పది నిమిషాలు పట్టింది. కొలవకుండా ఏ భాగాన్నీ మార్చకూడదన్న నియమం నాకు ఆ రోజు నుంచి అలవాటైంది. ఈ మార్గదర్శి అంతా ఆ నియమం మీదే నడుస్తుంది.

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800, అంతకు పాతికేళ్ళ ముందు నుంచే తిరుగుతున్న అంబాసిడర్, రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. కార్బురేటర్ కాలపు ఈ బండ్లలో మీటర్ బోర్డుకు కంప్యూటరు ఉండదు. ప్రతి దీపానికీ ప్రతి ముల్లుకీ వెళ్ళే వైరును కంటితో చూసి, చేత్తో పట్టుకుని వెంబడించవచ్చు. ఓపిక ఉన్నవారికి ఇంతకు మించిన సౌకర్యం లేదు.

కావలసిన సామాను, తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు, రెండు వైర్లు అతికించిన 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటరు బల్బు ఒకటి, మూడు నాలుగు వాట్ల చిన్న బల్బు ఒకటి, చివర మొసలి క్లిప్పులున్న రెండు మూడు మీటర్ల పొడవైన వైరు, స్క్రూడ్రైవర్లు, సన్నని గరుకు కాగితం, పెన్సిలు రబ్బరు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే ఉంటే పని సాగుతుంది. హైదరాబాదులో ఉన్నవారికి మీటరు, స్ప్రే, వైర్ల వంటివి కోఠి గుజరాతీ గల్లీలోనూ, విజయవాడవారికి బల్బు హోల్డర్లు, కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు), ఫ్యూజు పెట్టెల వంటివి ఆటోనగర్‌లోనూ దొరుకుతాయి. వీటన్నిటి కంటే ఎక్కువ ఉపయోగపడేది ఒక నోటు పుస్తకం. ఏ వైరు ఏ రంగుదో, ఎక్కడ ఎంత వోల్టేజి వచ్చిందో అప్పటికప్పుడు రాసుకోకపోతే గంట తర్వాత గుర్తుండదు.

వైర్లు విప్పే ప్రతిసారీ ముందు బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ తీసేయాలి. కొలతల కోసం కరెంటు అవసరమైనప్పుడు మాత్రమే మళ్ళీ పెట్టాలి. చాలా పాత బ్రిటిష్ తరహా బండ్లలో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపే పద్ధతి ఉండేది కాబట్టి, మీ బండిలో బాడీకి కలిసింది ఏ టెర్మినలో కళ్ళతో చూసి నిర్ధారించుకోండి. ఈ వ్యాసంలో చెప్పే కొలతలన్నీ నెగెటివ్ ఎర్త్ బండ్లకు, అంటే నెగెటివ్‌ను బాడీకి కలిపిన వాటికి వర్తిస్తాయి. ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టండి. బ్యాటరీ పాజిటివ్‌కూ బాడీకీ మధ్య లోహపు ఉంగరం పడితే క్షణంలో అది ఎర్రగా కాగి చేతి వేలు తెగేంత ప్రమాదం జరుగుతుంది. పెట్రోలు ట్యాంకు దగ్గర పని ఉంటే మూసిన షెడ్డులో కాకుండా ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

ముందు బ్యాటరీ, తర్వాతే మీటరు

కరెంటుకు వచ్చే దారి ఒకటి, తిరిగి వెళ్ళే దారి ఒకటి ఉంటాయి. బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజు, మీటరు దాకా వచ్చేది మొదటిది. మీటరు నుంచో సెన్సారు నుంచో బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి చేరేది రెండోది. లోపం ఏదైనా ఈ రెండు దారుల్లో ఒకదాని మీదే ఉంటుంది. అందుకే మొదట దారి మొదలయ్యే చోటే కొలవాలి.

రాత్రంతా కదలకుండా ఉన్న బండిలో బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మధ్య 12.6 వోల్టుల దాకా ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సుమారు సగం, 12.0 దగ్గరకు దిగితే దాదాపు ఖాళీ అయినట్టు లెక్క. ఇంజను నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజనుతో పాటు తిరిగి బ్యాటరీని ఛార్జి చేసే యంత్రం) ఉన్న బండిలో ఇది 13.8 నుంచి 14.5 మధ్య నిలవాలి. 13 దాటడం లేదంటే ఛార్జింగు సరిగా లేదు. 15 దాటుతోందంటే ఆ వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటరు పాడైంది. మీటరులో బల్బులు నెలనెలా మాడిపోతున్నాయని బల్బుల నాణ్యతను తిట్టుకునేవారు ఒక్కసారి ఈ కొలత తీసుకోవాలి, ఎందుకంటే ఎక్కువ వోల్టేజి వచ్చే బండిలో ఎంత మంచి బల్బు వేసినా నిలవదు.

బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లగానో నీలంగానో పొడి పేరుకుని ఉంటే వేడినీళ్ళలో తినే సోడా కలిపి కడిగి, ఆరబెట్టి, లోహం మెరిసేదాకా రుద్ది బిగించాలి. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజను నుంచి బాడీకి వెళ్ళే రెండు లావు ఎర్త్ తీగలను కూడా ఇదే సమయంలో చూడండి. ఇంజను నుంచి బాడీకి వెళ్ళే అల్లిక తీగ పాత బండ్లలో పోగులు పోగులుగా తెగి ఉండడం తరచూ కనిపిస్తుంది. ఆ తీగ పూర్తిగా తెగినప్పుడు సెల్ఫ్ మోటారు కరెంటు యాక్సిలరేటరు కేబులు గుండా, చోక్ కేబులు గుండా తిరిగి వెళ్ళడానికి ప్రయత్నిస్తుంది. ఆ కేబుళ్ళు వేడెక్కడం ఎప్పుడైనా గమనిస్తే వెంటనే ఆ ఎర్త్ తీగ చూడాలి.

ఫ్యూజులు: చూస్తే చాలదు, కొలవాలి

గాజు ఫ్యూజు లోపలి తీగ కంటికి బాగానే కనిపించినా టోపీ దగ్గర అతుకు వదిలి ఉండవచ్చు. పద్మినిలో ఉండే పింగాణీ ఫ్యూజులలో రేకు బయటే ఉంటుంది కాబట్టి తెగితే తెలిసిపోతుంది కానీ, అసలు సమస్య వాటిని పట్టుకునే స్ప్రింగు రేకుల దగ్గర వస్తుంది. వానాకాలం రెండు గడిచేసరికి అక్కడ చిలుము పడుతుంది. అలాంటి ఫ్యూజును వేలితో ఒక చుట్టు తిప్పితే ఆగిన మీటరు నడవడం మొదలుపెడుతుంది. అంతటితో పని అయిపోయిందనుకోకూడదు. రేకులను గరుకు కాగితంతో శుభ్రం చేసి, కొద్దిగా దగ్గరకు వంచి, కొత్త ఫ్యూజు వేస్తేనే ఆ మరమ్మతు నిలుస్తుంది. తర్వాతి కాలపు బండ్లలో వచ్చిన బ్లేడు ఫ్యూజులకు రంగును బట్టి విలువ ఉంటుంది: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30.

ఇగ్నిషన్ వేసి ఫ్యూజుకు రెండు పక్కలా బాడీతో పోల్చి వోల్టేజి కొలవండి. రెండు పక్కలా బ్యాటరీకి దగ్గరగా ఉంటే ఫ్యూజు బాగున్నట్టు. ఒక పక్క ఉండి రెండో పక్క లేకపోతే ఫ్యూజు పోయింది, లేదా అది కూర్చునే రేకు పోయింది. రెండు పక్కలా లేకపోతే ఇగ్నిషన్ స్విచ్ వైపు వెళ్ళాలి. రెండు పక్కలా ఉన్నా బ్యాటరీ కంటే ఒక వోల్టు తక్కువగా ఉంటే స్విచ్ లోపలి కాంటాక్టులు అరిగాయని అనుమానించాలి. తాళంచెవిని కొద్దిగా కదిపితే మీటర్లు వస్తూ పోతూ ఉండడం దీనికి గుర్తు.

ఫ్యూజు పదేపదే పోతోందని దాని బదులు రాగి పోగులు చుట్టడం, వెండి కాగితం పెట్టడం, 10 ఆంపియర్ల చోట 30 వేయడం మన రోడ్ల మీద సర్వసాధారణం. బండ్లు మంటలు పట్టే దారుల్లో ఇది ఒకటి కాబట్టి దీన్ని గట్టిగా చెప్పక తప్పదు. ఫ్యూజు తెగకపోతే దాని వెనక ఉన్న వైరు కాలుతుంది, ఆ వైరు మీ మోకాళ్ళ ముందే ఉంటుంది.

ఎర్త్: సగానికి పైగా లోపాలు దొరికే చోటు

ఒక స్విచ్ వేస్తే దానికి సంబంధం లేని మరొకటి కదిలితే, వెలిగితే, మసకబారితే ముందు ఎర్త్‌నే అనుమానించాలి. ఎందుకలా జరుగుతుందో తెలిస్తే వెతకడం తేలికవుతుంది. మీటర్ బోర్డులోని అన్ని దీపాలూ, మీటర్లూ సాధారణంగా ఒకే నల్లవైరు గుండా బాడీకి చేరతాయి. ఆ వైరు కింద తుప్పు పడితే కరెంటు ఆగిపోదు, వేరే దారి వెతుక్కుంటుంది. వెలగని ఇండికేటరు దీపం ఫిలమెంటు గుండానో హైబీమ్ దీపం గుండానో దాటి బాడీని చేరుతుంది. అందుకే ఇండికేటరు వేస్తే మీటరు దీపాలు ఊగుతాయి, బ్రేకు తొక్కితే పెట్రోలు ముల్లు దిగుతుంది.

దీన్ని ఓమ్‌మీటరుతో (మల్టీమీటరులో నిరోధం కొలిచే అమరికతో) పట్టుకోవాలని చాలామంది ప్రయత్నించి మోసపోతారు. పది పోగులున్న వైరులో తొమ్మిది తెగి ఒకటి మిగిలినా ఓమ్‌మీటరు సున్నా దగ్గరే చూపుతుంది, ఎందుకంటే అది పంపే కరెంటు అతి స్వల్పం. నిజమైన పరీక్ష భారం మీద, అంటే దీపాలు కరెంటు లాగుతుండగా చేయాలి. ఇంజను నడుపుతూ హెడ్‌లైట్లు, మీటరు దీపాలు వేసి, మల్టీమీటరును 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, ఒక కొసను నేరుగా బ్యాటరీ నెగెటివ్ స్తంభానికీ రెండో కొసను మీటరు వెనక నల్లవైరు చివరకూ తాకించండి. పొడవైన క్లిప్పు వైరు ఇక్కడే కావాలి. 0.1 వోల్టు లోపల ఉంటే ఎర్త్ శుభ్రంగా ఉంది, 0.2 దాకా సర్దుకోవచ్చు. అర వోల్టు దాటితే లోపం అక్కడే ఉంది, ఇంకే భాగమూ విప్పవద్దు. ఆ తర్వాత అదే కొసను ఒక్కో మెట్టు వెనక్కి జరుపుతూ రండి: నల్లవైరు బాడీకి బిగిసే స్క్రూ మీద, స్క్రూ పక్కన బాడీ రేకు మీద, బ్యాటరీ ఎర్త్ తీగ బాడీకి బిగిసే బోల్టు మీద. ఏ రెండు చోట్ల మధ్య అంకె ఒక్కసారిగా పడిపోతుందో చెడ్డ అతుకు ఆ రెండింటి మధ్య ఉంది.

దొరికిన అతుకును విప్పి, వైరు చివరి లగ్గును (స్క్రూకు తొడిగే లోహపు రింగును), కింద బాడీ రేకును, స్క్రూను మూడింటినీ లోహం మెరిసేదాకా రుద్ది, రంగు పూర్తిగా పోయాక బిగించి, పైన పల్చగా వాసలీనో గ్రీజో పూయాలి. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఈ పూత తప్పనిసరి. బండికి కొత్తగా పెయింటు వేయించాక మీటరు సమస్యలు మొదలైతే, పెయింటు ఎర్త్ స్క్రూల కిందికి చేరిందేమో చూడండి.

మీటరు విప్పడం

పాత ప్లాస్టిక్ ఎండకు ఎండి పెళుసుగా మారుతుంది. చల్లటి ఉదయం పూట కంటే కాస్త వేడెక్కిన మధ్యాహ్నం విప్పితే చెవులు విరగవు. స్పీడోమీటరు కేబులు ముందుగా వదిలించాలి, లేకపోతే మీటరు బయటికి రాదు, బలవంతం చేస్తే కేబులు గొట్టం విరుగుతుంది. (స్పీడోమీటరు ముల్లు ఊగుతోందని వైర్లు వెతికేవారికి ఒక మాట: ఈ బండ్లలో అది తిరిగే కేబులుతో నడుస్తుంది, కరెంటుతో దానికి సంబంధం లేదు. ముల్లు ఊగితే కేబులు తీసి శుభ్రం చేసి పల్చగా గ్రీజు పెట్టాలి.) ప్రతి కప్లరునూ తీసేముందు ఫోను కెమెరాతో ఫోటో తీసి, టేపు ముక్క మీద అంకె వేసి అతికించండి.

వెనక పక్క కొన్ని బండ్లలో విడివిడి వైర్లు ఉంటాయి, కొన్నిట్లో పల్చటి ప్లాస్టిక్ పొర మీద రాగి దారులు ముద్రించి ఉంటాయి. రెండో రకంలో కప్లరు తగిలే చోటా, బల్బు హోల్డరు తిరిగి బిగిసే చోటా రాగి నల్లబడుతుంది. పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దితే చాలు. గరుకు కాగితం పెడితే రాగి పొరే లేచిపోతుంది. ఎక్కడైనా దారి మాడి తెగి ఉంటే దాని మీద సోల్డరింగు ఐరన్ ఎక్కువసేపు పెట్టవద్దు, కింది ప్లాస్టిక్ కరుగుతుంది. తెగిన చోటుకు రెండు వైపులా ఉన్న స్క్రూలకో హోల్డర్లకో సన్నని ఇన్సులేషన్ వైరును పక్కదారిగా కలపడం సురక్షితం. దారి మాడిందంటే ఏదో అధిక కరెంటు లాగిందని అర్థం. దాన్ని కనుక్కోకుండా మీటరు తిరిగి బిగించకండి.

అంబాసిడర్‌లో మొదటి నాటి వైరింగు మార్చకుండా ఉంటే బ్రిటిష్ కంపెనీ లూకాస్ పద్ధతి రంగులు కనిపిస్తాయి: గోధుమరంగు ఎప్పుడూ కరెంటు ఉండే వైరు, తెలుపు ఇగ్నిషన్ వేస్తే వచ్చేది, ఆకుపచ్చ ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది, ఎరుపు పార్కింగు, మీటరు దీపాలది, నీలం హెడ్‌లైట్లది, నలుపు ఎర్త్‌ది. అయితే నలభై ఏళ్ళలో ఎన్ని చేతులు మారిందో తెలియని బండిలో రంగును నమ్మి కత్తిరించడం కంటే కొలిచి నమ్మడం మేలు.

పెట్రోలు ముల్లు, టెంపరేచరు ముల్లు

ట్యాంకులో ఒక ఫ్లోటు పెట్రోలుతో పాటు లేచి దిగుతూ, ఒక నిరోధపు తీగ మీద చిన్న కాంటాక్టును జరుపుతుంది. మీటరు నుంచి వచ్చిన కరెంటు ఆ తీగ గుండా ట్యాంకు ఎర్త్‌కు పోతుంది. చాలా బండ్లలో మీటరు లోపల రెండు లోహాల పట్టీ ఉంటుంది; కరెంటు ఎక్కువైతే అది వేడెక్కి వంగి ముల్లును నెమ్మదిగా జరుపుతుంది. ఇగ్నిషన్ వేశాక ముల్లు నిదానంగా పైకి వస్తే అది ఈ రకమే.

పరీక్ష ట్యాంకు వైపు నుంచి మొదలవ్వాలి. ఇగ్నిషన్ ఆపి ఫ్లోటు యూనిట్ వైరు ఊడదీసి, మళ్ళీ ఇగ్నిషన్ వేస్తే ముల్లు ఖాళీ దగ్గర ఉండాలి. ఆ వైరు కొసను 3 లేదా 4 వాట్ల చిన్న బల్బు గుండా, ట్యాంకుకు దూరంగా ఉన్న శుభ్రమైన బాడీ లోహానికి తాకించండి. ముల్లు కదిలి పైకి లేచిందంటే మీటరూ బాగుంది, ఇక్కడి దాకా వచ్చిన వైరూ బాగుంది. లోపం ఫ్లోటు యూనిట్‌లోనో దాని ఎర్త్‌లోనో ఉంది. బల్బు లేకుండా నేరుగా ఎక్కువసేపు తాకిస్తే మీటరు లోపలి చుట్ట మాడిపోతుంది కాబట్టి బల్బును మధ్యలో పెట్టడం మరువకండి. కొన్ని పాత అయస్కాంతపు మీటర్లలో ఇదంతా తలకిందులుగా ఉంటుంది, వైరును ఎర్త్ చేస్తే ముల్లు ఖాళీకి పోతుంది. ఏ రకమైనా ఎర్త్ చేసినప్పుడూ తీసినప్పుడూ ముల్లు రెండు కొసలకూ తిరగడమే చూడవలసింది.

ముల్లు అసలు కదలకపోతే అదే పరీక్ష మీటరు వెనక టెర్మినల్ దగ్గర చేయండి. అక్కడ కదిలితే మధ్యలో వైరు తెగింది. వెనక సీటు పక్కన, కార్పెట్ కింద, డిక్కీ అంచున వైరు నలిగే చోట్లు చూడాలి. అక్కడా కదలకపోతే మీటరుకు కరెంటు వస్తోందో లేదో కొలవాలి. వస్తున్నా కదలకపోతే అప్పుడు మాత్రమే మీటరు మార్చే మాట ఆలోచించండి.

ఫ్లోటు యూనిట్ అనుమానం ఉంటే ముందుగా దాని పళ్ళెం నుంచి బాడీకి ఒక తాత్కాలిక ఎర్త్ వైరు వేసి చూడాలి. ట్యాంకు కింద రబ్బరు పట్టీలు, స్క్రూల మీద పెయింటు, తుప్పు కలిసి ట్యాంకును బాడీ నుంచి వేరు చేస్తాయి. దానితో సరికాకపోతే యూనిట్ బయటికి తీసి, బ్యాటరీ విప్పి ఉన్న స్థితిలో, దాని టెర్మినల్‌కూ పళ్ళేనికీ మధ్య ఓమ్‌మీటరు పెట్టి ఫ్లోటును చేత్తో మెల్లగా లేపి దించండి. అంకె సాఫీగా మారుతూ పోవాలి. మధ్యలో ఎక్కడైనా హఠాత్తుగా అనంతానికి దూకితే ఆ చోట తీగ అరిగింది. సగం ట్యాంకు దగ్గర మాత్రమే ముల్లు చచ్చిపోయే బండ్లలో కారణం సాధారణంగా ఇదే, ఎందుకంటే రోజూ సగం ట్యాంకుతో తిరిగే బండిలో కాంటాక్టు ఆ చోటనే ఎక్కువగా అటూ ఇటూ అరుగుతుంది.

టెంపరేచరు ముల్లుకూ ఇదే తర్కం. ఇంజను మీది సెన్సారు వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, ముల్లు లేస్తుంది. వైరు తీస్తే ముల్లు చల్లదనం వైపు పడిపోవాలి, బల్బు గుండా ఎర్త్ చేస్తే వేడి వైపు లేవాలి. సెన్సారు మర పళ్ళకు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి బిగిస్తే దానికి ఎర్త్ సరిగా అందక ముల్లు ఎప్పుడూ తక్కువ చూపించవచ్చు. ముల్లు వేడి చూపిస్తే మాత్రం అది మీటరు తప్పని తేలేదాకా నిజమనే భావించి, బండి పక్కకు ఆపి, ఇంజను పూర్తిగా చల్లారాక రేడియేటరు చూడాలి.

రెండు ముల్లులూ ఒకేసారి తప్పు చూపిస్తే రెండింటికీ కరెంటు ఇచ్చే చోటు చూడాలి. బ్రిటిష్ తరహా మీటర్లలో 1960ల మధ్య నుంచి బాగా వాడుకలోకి వచ్చిన చిన్న రేకు డబ్బీ ఒకటి మీటరు వెనక ఉంటుంది. ఛార్జింగు ఎలా ఉన్నా ముల్లులకు సగటున 10 వోల్టులే అందేలా అది 12 వోల్టులను వేగంగా వేస్తూ ఆపుతూ ఉంటుంది. అందువల్ల దాని బయటి టెర్మినల్ దగ్గర డిజిటల్ మీటరు అంకెలు నిలకడ లేకుండా దూకడం మామూలే. నిలకడగా 12 వోల్టులు వస్తూ రెండు ముల్లులూ ఎక్కువ చూపిస్తే లోపలి కాంటాక్టు అతుక్కుపోయి ఉండవచ్చు, లేదా డబ్బీకి ఎర్త్ పోయి ఉండవచ్చు. దాని ఎర్త్ డబ్బీ రేకు గుండానే అందుతుంది కాబట్టి, బిగించిన స్క్రూను శుభ్రం చేశాకే కొత్తది కొనాలి.

ఎర్ర దీపాలు రెండు

ఆయిలు దీపం ఇంజను నడుస్తుండగా వెలిగితే వైర్ల సంగతి తర్వాత. ముందు ఇంజను ఆపాలి, డిప్‌స్టిక్ తీసి ఆయిలు మట్టం చూడాలి. మట్టం బాగుందని మళ్ళీ స్టార్టు చేసి నడపకూడదు. పీడనం స్విచ్ తీసి ఆ చోట మెకానికల్ గేజి బిగించి అసలు పీడనం ఉందో లేదో తేల్చుకోవాలి. పీడనం ఉందని తేలితే అప్పుడు స్విచ్‌దో వైరుదో దోషం. ఈ స్విచ్ పీడనం లేనప్పుడు కలిసి ఉంటుంది, పీడనం రాగానే విడిపోతుంది. వైరు తీస్తే దీపం ఆరిపోవాలి, ఆరకపోతే వైరు మధ్యలో ఎక్కడో బాడీకి తగులుతోంది. ఇగ్నిషన్ వేయగానే, ఇంజను తిరగకముందే దీపం వెలగకపోవడం కూడా లోపమే. మాడిన బల్బు రోడ్డు మీద ఇంజను పాడవుతుంటే హెచ్చరించదు.

బ్యాటరీ దీపానికి మరో ప్రత్యేకత ఉంది. చాలా ఆల్టర్నేటర్లలో ఈ చిన్న బల్బు గుండా వెళ్ళే కరెంటే స్టార్టు అయిన వెంటనే ఆల్టర్నేటర్‌ను మేల్కొలుపుతుంది. బల్బు మాడితే ఛార్జింగు మొదలవ్వడమే ఆలస్యం కావచ్చు, అసలు మొదలవ్వకపోవచ్చు. అందుకే ఈ చోట ఎల్‌ఈడీ వేయకూడదు, అసలు వాటేజి బల్బే వేయాలి. ఇంజను నడుస్తుండగా ఈ దీపం మసగ్గా వెలుగుతూ ఉంటే ఆల్టర్నేటర్ లోపలి డయోడు పోయి ఉండవచ్చు, లేదా ఇగ్నిషన్ స్విచ్ దగ్గర వోల్టేజి నష్టం ఉండవచ్చు. ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉన్న పాత బండ్లలో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు కొద్దిగా వెలగడం మామూలు విషయమే. యాక్సిలరేటరు నొక్కగానే ఆరిపోవాలి.

ఇండికేటర్లు, మీటరు దీపాలు

ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య కొట్టుకోవాలి. ఒక వైపు మాత్రమే వేగంగా కొట్టుకుంటే ఆ వైపు ఒక బల్బు మాడింది, లేదా 21 వాట్ల చోట తక్కువ వాట్ల బల్బు వేశారు. పాత వేడి తీగ రకం ఫ్లాషరులో (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే డబ్బీలో) బల్బు పోతే వేగం పెరగకుండా, అసలు కొట్టుకోకుండా వెలిగి ఉండిపోవచ్చు కూడా. రెండు వైపులా పనిచేయకపోతే ఫ్లాషరు కప్లరు తీసి, బి, ఎల్ అని రాసి ఉన్న రెండు వైర్లను చిన్న తీగతో కలిపి, స్విచ్ వేయండి. బల్బులు నిలకడగా వెలిగితే వైర్లన్నీ బాగున్నాయి, ఫ్లాషరు పోయింది. 15 ఏళ్ళు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి వెళ్ళినప్పుడు ఇండికేటర్లు, బ్రేకు దీపాలు చూస్తారు కనుక ఈ పరీక్షను ముందురోజే చేసుకోవడం మంచిది.

మీటరు దీపాలు అన్నీ ఒకేసారి ఆగిపోతే వెనక పార్కింగు దీపాలు కూడా చూడండి. అవీ వెలగకపోతే ఫ్యూజో లైటు స్విచ్చో కారణం. అవి వెలిగి ఇవి వెలగకపోతే, వెలుతురు తగ్గించే గుండ్రటి బొత్తాం ఉన్న బండిలో దాన్ని ఒక చివర నుంచి మరో చివరకు పదిసార్లు తిప్పండి; చాలాసార్లు లోపలి చిలుము రాలి దీపాలు వస్తాయి. ఇక్కడ ఎల్‌ఈడీ వేసుకోవచ్చు. దానికి పాజిటివ్, నెగెటివ్ ఉంటాయి కాబట్టి వెలగకపోతే తిప్పి పెట్టాలి.

ఫ్యూజు నిలవకపోతే

కొత్త ఫ్యూజు వేసిన వెంటనే పోతోందంటే షార్టు ఉంది, అంటే కరెంటు వైరు ఎక్కడో నేరుగా బాడీకి తగులుతోంది. ఫ్యూజుల మీద ఫ్యూజులు మాడ్చకుండా ఫ్యూజు తీసి ఆ రెండు రేకుల మధ్య 21 వాట్ల బల్బును కలపండి. షార్టు ఉన్నంతసేపూ బల్బు నిండుగా వెలుగుతుంది, అయినా వైర్లకు రెండు ఆంపియర్లకు మించి కరెంటు వెళ్ళదు కాబట్టి తాపీగా వెతకవచ్చు. ఆ ఫ్యూజు కిందికి వచ్చే కప్లర్లను ఒక్కొక్కటిగా తీస్తూ వెళ్ళండి. దేన్ని తీసినప్పుడు బల్బు ఆరిపోతుందో షార్టు ఆ శాఖలో ఉంది. తర్వాత ఆ వైరును చేత్తో కదిపి చూస్తూ నడవాలి. ఇంజను గదికీ డాష్‌బోర్డుకూ మధ్య రేకులో రబ్బరు బుష్ పగిలిన రంధ్రం, స్టీరింగు తిప్పినప్పుడు కదిలే వైర్ల కట్ట, డిక్కీ మూత మలుపు, స్టీరియో బిగించిన చోటు మొదటి అనుమానితులు. బయట నిలిపే బండ్లలో ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఎక్కువే, ముఖ్యంగా పంట కోతల తర్వాతి నెలల్లో పల్లెల్లో.

స్టీరియోలు, ఫాగ్ ల్యాంపులు, రెండో హారన్లు బిగించినప్పుడు వేసిన చేతి అతుకులు విప్పి చూస్తే తీగను తీగకు మెలిపెట్టి నల్ల టేపు చుట్టి ఉంటుంది. ఎండకు జిగురు కారి ఆ టేపు జారిపోతుంది. అలాంటి ప్రతి అతుకునూ లోపలి రాగి మెరిసేదాకా వెనక్కి కత్తిరించి, సరైన లగ్గు వేసి నొక్కి, లేదా సోల్డరు చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. ఇంటి వైరింగుకు వాడే ఒంటి తీగ వైరు బండిలో వాడకూడదు, కుదుపులకు విరిగిపోతుంది; అనేక పోగులున్న ఆటో వైరునే, ఫ్యూజు విలువకు తగ్గ మందంతో వాడాలి.

తిరిగి బిగించాక

అన్నీ బిగించి బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌ను నేరుగా పెట్టేయకండి. ఇగ్నిషన్, లైట్లు అన్నీ ఆపి, తలుపులు మూసి, ఆ టెర్మినల్‌కూ బ్యాటరీ స్తంభానికీ మధ్య అదే 21 వాట్ల బల్బును కలపండి. బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో పని చేసేటప్పుడు ఒక వైరు నలిగింది. మళ్ళీ విప్పి చూడాలి. వెలగకపోతే మల్టీమీటరును ఆంపియర్ల దగ్గర పెట్టి అదే చోట కొలవండి. గడియారమో స్టీరియో జ్ఞాపకశక్తో తప్ప మరేదీ లేని ఈ బండ్లలో అంకె 50 మిల్లీఆంపియర్ల లోపే ఉండాలి. అప్పుడు టెర్మినల్ బిగించి, ఇగ్నిషన్ వేసి ఎర్ర దీపాలు రెండూ వెలిగాయని, స్టార్టు అయ్యాక రెండూ ఆరాయని చూసి, హెడ్‌లైట్లు, బ్రేకు, ఇండికేటరు మూడూ ఒకేసారి వేసి పెట్రోలు ముల్లును గమనించండి. అది కదలకుండా నిలిస్తే, నోటు పుస్తకంలోని కొలతలను తేదీ వేసి శుభ్రంగా తిరగరాసి గ్లోవ్ బాక్సులో పెట్టండి. రేపు ఇదే ముల్లు మళ్ళీ ఊగితే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఆ కాగితమే చెబుతుంది.